కన్ను కడిగిన మధ్యాహ్నం

మా బడిలో సైన్సు ల్యాబు ఉందని నాకు చెప్పింది పిల్లలే. ఉప్పుగూడ దగ్గరున్న ఆ ప్రభుత్వ హైస్కూలుకు నేను ఫిజికల్ సైన్స్ టీచరుగా బదిలీ మీద వచ్చిన కొత్తలో సంగతి ఇది. పదో తరగతిలో పాఠం చెబుతూ, మనకు ల్యాబు లేదు కాబట్టి పుస్తకంలో బొమ్మ చూసే అర్థం చేసుకోవాలి అన్నాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు.

"ల్యాబ్ ఉన్నది మేడం. గా మెట్ల పక్కకున్న రూమే. మస్తు దినాల సంది తాళమే ఉన్నది."

ఆ అబ్బాయిది పక్కనున్న జహనుమా బస్తీ. వాళ్ళ నాన్నకు బర్రెలున్నాయి, చుట్టుపక్కల ఇళ్ళకు పాలు పోస్తాడు. వీడు పొద్దున్నే పాల క్యాన్లు కడిగి, సైకిలు మీద బడికి వచ్చి, మొదటి పీరియడ్లో కునికిపాట్లు పడేవాడు. ఆరోజు మాత్రం ల్యాబు మాట రాగానే నిద్రంతా వదిలిపోయింది వాడికి.

మధ్యాహ్నం నేను పెద్ద మేడం గదికి వెళ్ళాను. ఆవిడ మా ప్రధానోపాధ్యాయురాలు, సోషల్ చెబుతారు. మెత్తటి మనిషి, కానీ భయస్తురాలు. వాన పడితే పిల్లల్ని గ్రౌండులోకి వెళ్ళనివ్వరు, ఎండ కాస్తే అసలే వెళ్ళనివ్వరు. తాళంచెవి అడిగితే ఆవిడ ముఖం మారిపోయింది.

"మీకంటె ముందున్న సారు ఉన్నప్పుడు ఒక పిల్లగాని షర్టు అంటుకున్నది మేడం. ఏం కాలేదు గని, ఆ లొల్లి నేను ఇంకా మర్వలే. పొద్దున పంపిన పిల్లలను పొద్దుమీకి సక్కగ ఇంటికి పంపాలె. నాకు అదొక్కటే ఫికర్."

ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. నాకూ అదే ఫికర్. అందుకే వాదించలేదు.

"ముందుగాల లోపల ఏమున్నదో నేనొక్కదాన్నే చూస్త మేడం. పిల్లల్ని తీస్కపోను. అన్నీ సదిరినంక మీరే వచ్చి చూసి చెప్పుండ్రి. మీరు సరే అన్నంకనే క్లాసు."

ఆవిడ సొరుగులోంచి తాళంచెవి తీసి ఇచ్చారు.

తలుపు తీస్తే ఎలుకల వాసన, దుమ్ము. గోడ పొడవునా అల్మారాలో సీసాలు. సగం సీసాల మీద చీటీలు లేవు. ఉన్నవాటి మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. ఒక సీసాలో కిరోసిన్ ఇంకిపోయి, అడుగున సోడియం ముక్కలు బూడిదరంగు రాళ్ళలా పడున్నాయి. దానికి తడి తగిలితే భగ్గున అంటుకుంటుందని నాకు తెలుసు. కాబట్టి దేన్నీ కదిలించలేదు, వాసన చూడలేదు, సింకులో పారబోసే పని అసలే పెట్టుకోలేదు. నాతోపాటు చదువుకున్న స్నేహితురాలు ఒకామె డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆమెను పిలిపించాను. పేరు తెలియని సీసాలన్నీ వాళ్ళ కాలేజీ మనుషులు సరైన పద్ధతిలో పెట్టెల్లో సర్ది తీసుకెళ్ళారు. మిగిలినవి చాలా కొద్ది. వాటికి కొత్త చీటీలు అతికించాను, తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో. ఉర్దూ రాసిపెట్టింది మా లెక్కల సారు.

తరువాత నల్లా తిప్పాను. బుస్సుమని గాలి వచ్చింది, అంతే. మా వైపు నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, వచ్చినవి బడి సంపులోకే పోతాయి. ల్యాబు దాకా ఎక్కవు. నీళ్ళు లేని ల్యాబులో నేను అగ్గిపుల్ల కూడా గియ్యనివ్వను. అందుకని ఒక శనివారం బేగంబజార్ వెళ్ళాను. అడుగున నల్లా బిగించిన పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము దొరికింది, ఇసుకకు రెండు బకెట్లు దొరికాయి. కళ్ళద్దాల దగ్గరే ఇబ్బంది అయింది. పిల్లలకు కళ్ళద్దాలు కావాలి భాయ్ అంటే ఒక దుకాణదారు ముందు ఈతకు పెట్టుకునేవి తీశాడు, తరువాత నల్లవి తీశాడు. ల్యాబులో మందులు చిందకుండా అని వివరిస్తే అప్పుడు వెనక గోదాములోంచి, మెషీన్ల మీద ఇనుము కోసేవాళ్ళు పెట్టుకునే తెల్లటి అద్దాలు తెప్పించాడు.

"యే లేతే సబ్, లగాతే కోయి నై మేడం," అని నవ్వాడు. అందరూ కొంటారు గానీ ఎవ్వరూ పెట్టుకోరట.

"మా పిల్లలు పెట్టుకుంటరు భాయ్," అన్నాను గట్టిగా.

పెద్ద మేడం వచ్చి అన్నీ చూసి సరే అన్నాక పెట్టిన మొదటి ల్యాబు క్లాసులో మందులేవీ బయటికి తియ్యలేదు. ఆవిడ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పిల్లలు ఏదో పొగ వస్తుంది, రంగు మారుతుంది అనుకుని వచ్చారు. నేను వాళ్ళ చేత జడలు పైకి కట్టించాను, చున్నీల కొసలు నడుము వెనక ముడేయించాను, మగపిల్లల చేత చొక్కా చేతులు మడత పెట్టించాను. ఆ తరువాత ఒకరు కళ్ళు మూసుకుని నిలబడితే, ఇంకొకరు చెయ్యి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి నడిపించి, తల వంచి, నల్లా తిప్పి, రెండు వేళ్ళతో రెప్ప తెరిచి కన్ను కడగాలి. అంతే ఆరోజు ప్రయోగం. పిల్లలు ఒకటే నవ్వు. పాల అబ్బాయి అయితే గుడ్డివాడిలా చేతులు చాచి గోడలు తడుముతూ అందరినీ నవ్వించాడు. యూనిఫాంలు తడిసిపోయాయి. నేను ఆపలేదు. నవ్వుతూనైనా సరే, చేతులకు అలవాటు పడాలి.

ఒక్క అమ్మాయి మాత్రం గడప దాటి లోపలికి రాలేదు. చదువులో ముందుండే పిల్ల, క్లాసులో చెయ్యెత్తకపోయినా అడిగితే జవాబు ఠక్కున చెబుతుంది. ఎందుకు రావడం లేదంటే నేల చూపులు చూస్తూ చెప్పింది.

"మా అమ్మ వద్దన్నది మేడం. ఆసిడ్ ఉన్న కాడికి పోవద్దని ఒట్టు పెట్టించుకున్నది."

అమ్మను ఒకసారి రమ్మని చెప్పమన్నాను. మరుసటి రోజే వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉన్న మనిషి. ఒక ఫంక్షన్ హాల్లో ఊడ్చే పని, బాత్రూములు కడిగే పని. ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రాకుండానే మాట్లాడింది.

"ఏమనుకోకుండ్రి మేడం. నా బిడ్డను గీ పనికాడికి తీస్కరాకుండ్రి. నేను సావు దగ్గరికి పోయొచ్చిన."

ఏం జరిగిందో అడిగాను. ఒక పెళ్ళి అయిపోయాక బాత్రూములు బాగా మురికి పట్టి ఉన్నాయట. ఆసిడ్ పోసినా పోలేదని, ఇంకా తెల్లగా అవుతుందని దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లింది. తలుపు దగ్గరగా వేసి ఉంది, కిటికీ లేదు.

"ఒక్కసారిగ గొంతు పట్టేసింది మేడం. కండ్లు మండుడు, దగ్గు. ఊపిరి తీస్కుంటే లోపల కత్తులు పెట్టినట్టు. ఎట్ల బయట పడ్డనో నాకే తెల్వది. వారం దినాలు దవఖానల ఉన్న. అప్పటి సంది ఆసిడ్ పేరు ఇంటే నాకు భయం. అయినా అదే పని చేస్తున్న. తప్పదు గద."

"ఆ రెండు కలిస్తె క్లోరిన్ అనే గ్యాస్ వస్తదక్కా," అన్నాను. "మీరు పీల్చింది అదే. ఆసిడ్‌ను, బ్లీచింగ్‌ను ఎన్నడూ కలపొద్దు. ఒకటి పోసి మొత్తం కడిగేసి, మస్తు నీళ్ళు కొట్టినంక గూడ ఇంకొకటి ముట్టకపోతేనే మంచిది."

 అంతకాలం అది తన ఒంట్లో ఉన్న ఏదో లోపం అనుకుందట. తనకు ఆసిడ్ పడదని.

"గీ ముచ్చట డబ్బ మీద రాసుంటదా మేడం?"

"బ్లీచింగ్ డబ్బ మీద రాసుంటదక్కా. ఇంగ్లీషుల, సన్నటి అక్షరాల్ల. ఆసిడ్ అయితే మీకు ఖాళీ డ్రింకు సీసాల్ల పోసి అమ్ముతరు గద, దాని మీద ఏం రాసుంటది?"

ఆమె లోపలికి తొంగి చూసింది. చీటీలున్న సీసాలు, డ్రమ్ము, ఇసుక బకెట్లు, వరసగా వేలాడుతున్న కళ్ళద్దాలు. కూతురు పక్కనే నిలబడి ఉంది.

"వీళ్ళు మందులు కలిపేటప్పుడు మీరు ఈడనే ఉంటరా? నడుమల ఎటన్న పోతరా?"

"ఎటూ పోనక్కా."

"అయితె నేర్వనియ్యుండ్రి," అంది, కూతురి వైపు తిరిగి, "మేడం చెప్పింది చెప్పినట్టు చెయ్యాలె. సమజైందా?" అని గదిమి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఆరోజే నా దగ్గర కళ్ళద్దాలు అడిగి తీసుకుని, తల చుట్టూ పట్టీ సరిచేసుకుని, అద్దంలో చూసుకున్నట్టు అల్మారా గాజులో చూసుకుంది. తరువాతి క్లాసులో కన్ను కడిగే పద్ధతి అందరికంటే ముందు తనే చేసి చూపించింది.

అట్లా రెండు నెలలు బాగానే గడిచాయి. లిట్మస్ రంగులు మారాయి, సున్నపు నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. పెద్ద మేడం కుర్చీ మెల్లగా తలుపు దగ్గరి నుంచి మాయమైంది. ఆవిడకు ధైర్యం వచ్చింది అనుకున్నాను.

వానాకాలం మధ్యలో ఒక రోజు. బయట ముసురు, లోపల ఉక్క. ఆరోజు ప్రయోగం, జింకు ముక్కలను సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి కొద్దిగా వేడి చెయ్యడం. బజారులో కాస్టిక్ సోడా అనేది అదే. టెస్ట్ ట్యూబును హోల్డరుతో ఏటవాలుగా పట్టుకోవాలి, మూతిని ఎవరి వైపూ పెట్టకూడదు, మంట మీద ఒక్కచోటే ఉంచకుండా కదుపుతూ ఉండాలి. అన్నీ చెప్పాను. వాళ్ళు కూడా చేస్తున్నారు. నేను గదికి అటు చివర ఒక జట్టు స్పిరిట్ ల్యాంపు వత్తి సరిచేస్తున్నాను.

కేక వినిపించింది. పాల అబ్బాయి. ఉక్కకు కళ్ళద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనబడక, వాటిని నుదుటి మీదికి నెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే పక్క జట్టు టెస్ట్ ట్యూబు ఒక్కసారిగా పొంగి చిమ్మింది. చుక్కలు వాడి చెంప మీద, ఎడమ కంట్లో పడ్డాయి.

నేను బల్లల మధ్యనుంచి దారి చేసుకుని వెళ్ళేసరికి వాడు అక్కడ లేడు. మొదట గడప దాటని ఆ అమ్మాయి వాణ్ణి అప్పటికే డ్రమ్ము దగ్గరికి లాక్కుపోయింది. తన కళ్ళద్దాలు తీయకుండానే వాడి తల వంచి, నల్లా పూర్తిగా తిప్పింది. వాడు రెప్పలు బిగించుకుని గింజుకుంటున్నాడు.

"కన్ను తెరువురా! తెరువు అంటున్న గద!"

"మండుతుంది! వదులు నన్ను!"

"మండని. తెరిస్తెనే తగ్గుతది. మేడం, వీని తల పట్టుకోండి."

తల పట్టుకున్నాను.  ఆ పిల్ల రెండు వేళ్ళతో రెప్పను తెరిచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు నీళ్ళు పారేలా ముఖం తిప్పి పట్టుకుంది, రెండో కంట్లోకి పోకుండా. నేను మిగతావాళ్ళ వైపు చూసి, ల్యాంపులు ఆర్పండి అని అరిచాను. అప్పటికే ఆర్పేశారు. డ్రమ్ములో నీళ్ళు తగ్గుతున్న కొద్దీ ధార సన్నబడింది. మగపిల్లలు చెప్పకుండానే సంపు దగ్గరికి పరిగెత్తారు. వానలో తడుస్తూ బకెట్లు చేతులు మార్చుకుంటూ తెచ్చి డ్రమ్ములో పోస్తూ వచ్చారు.

పెద్ద మేడం వచ్చారు. గుమ్మంలో నిలబడి, తెల్లబోయి చూశారు. ఇంక అయిపోయింది, ఈ గది మళ్ళీ తెరుచుకోదు అనుకున్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నీళ్ళలోకి వచ్చి, వాడి వీపు మీద చెయ్యి వేసి, "నేనున్న బిడ్డా, భయపడకు," అన్నారు. మంట కాస్త తగ్గిందని వాడు అన్నా మేము ఆపలేదు. చాలాసేపు కడిగాక ఆవిడే ఆటో పిలిపించారు. దారి పొడవునా సీసాలతో కంట్లో నీళ్ళు పోస్తూనే ఆవిడా నేనూ వాణ్ణి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాము. వెళ్ళేసరికి మా ముగ్గురిలో పొడిగా ఉన్నవాళ్ళు ఎవరూ లేరు.

డాక్టరుగారు కంట్లో మందు ఇంకా ఉందేమోనని చిన్న లిట్మస్ కాగితం ముక్క ఆనించి రంగు చూశారు, మళ్ళీ కడిగించారు, దీపం వేసి పరీక్ష చేశారు. మేము వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాము. ఆయన బయటికి వచ్చి ముందు అడిగిన మాట, "అక్కడ కన్ను కడిగింది ఎవరు?" అని.

"వీని క్లాసుల చదివే అమ్మాయి," అన్నాను.

"పైన పొర కొంచెం ఎర్రబడింది, అంతే. చుక్కల మందు వేస్తే తగ్గిపోతుంది. కాస్టిక్ కాబట్టి చెబుతున్నాను, కడగకుండా నేరుగా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఉంటే ఈ మాట చెప్పలేకపోయేవాణ్ణి."

పెద్ద మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఏడ్చేశారు.

కంటికి కట్టు కట్టి ఆ అబ్బాయిని బయటికి పంపేసరికి వాళ్ళ నాన్న వచ్చాడు. బండికి రెండు వైపులా పాల క్యాన్లు అలాగే ఉన్నాయి. కొడుకు కంటికి కట్టు చూసి మనిషి ఊగిపోయాడు.

"గిందుకేనా మేడం బడికి తోలింది? సదువు చెప్పుమంటె కండ్లల్ల మందులు పోస్తరా?"

నేను ఏదో అనబోయేలోపు ఆ అబ్బాయే అన్నాడు. "నేనే అద్దాలు మీదికి నెట్టుకున్న బాపూ. ఏం కనబడలే."

"వాని ఒక్కని తప్పు కాదన్నా," అన్నాను. "ఆవిరి పడ్తె పిల్లలు అద్దాలు తీస్తరని నేను ముందుగాల ఆలోచించాలె. ఇగ మీదట గట్ల కాకుండ చూస్త. డాక్టరు సారు లోపలనే ఉన్నరు, మీరు పోయి అడుగుండ్రి."

లోపలికి వెళ్ళి, కాసేపటికి బయటికి వచ్చాడు. కోపం దిగిపోయింది. కొడుకు పక్కన కూర్చుని, తడి జుట్టు తన కండువాతో తుడిచాడు. నా వైపు చూడకుండానే అడిగాడు.

"మా కొట్టంల సున్నం చల్లుతం మేడం. గది కంట్ల పడ్తె గూడ గిట్లనే కడగాల్నా? మేము కంట్ల నూనె చుక్కలు ఏస్తుంటిమి."

"నూనె వద్దన్నా. నీళ్ళే. పొడి ఉంటె బయట బయట దులిపి, కన్ను తెరిచి మస్తు సేపు కడిగి, అటెంక దవఖానకు."

"కొట్టంల నల్లా ఉన్నది గని దూరం ఉన్నది," అన్నాడు తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. ఆ తరువాతి వారం కొట్టంలోకి పైపు వేయించాడని కొడుకు చెప్పాడు.

మరుసటి రోజు పెద్ద మేడం పిలిచారు. ల్యాబు మూయొద్దని చెప్పడానికి దారంతా మాటలు కూడబెట్టుకుంటూ వెళ్ళాను. ఆవిడ నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"ఆ పిల్ల చేసిన పని చూసిన మేడం. నేనైతె ఏం చేస్తుంటి? అమ్మో అని అరుసుకుంట నిలబడుతుంటి. నాకు గూడ నేర్పుండ్రి. నాకే గాదు, టీచర్లందరికీ నేర్పుండ్రి."

ఆ సాయంత్రం మా టీచర్లందరూ ఒకరి కళ్ళు ఒకరు కడుక్కున్నారు. లెక్కల సారు మీసాల్లోంచి నీళ్ళు కారుతుంటే కిటికీల్లోంచి పిల్లలు నవ్వి చచ్చారు. ఆ తరువాత నేను కొన్ని పద్ధతులు మార్చాను. టెస్ట్ ట్యూబును నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ళ గిన్నెలో ఉంచి చేయిస్తున్నాను. క్లాసును రెండు సగాలుగా చేసి ఒక సగాన్నే లోపలికి తీసుకుంటున్నాను. అద్దాలకు లోపలి వైపు పలచగా సబ్బు రాసి తుడిస్తే ఆవిరి పట్టదని పిల్లలే కనిపెట్టారు. అయినా ఆవిరి పడితే, పని ఆపి, బల్లకు దూరంగా జరిగాకే అద్దాలు తీయాలి.

జరిగింది తెలిసి ఆ అమ్మాయి వాళ్ళమ్మ కూతుర్ని ల్యాబు మాన్పిస్తుందని నేను మనసులో ఖాయం చేసుకున్నాను. శనివారం బడి వదిలాక ఆమె వచ్చింది. ఒక్కతే కాదు. వెంట ఫంక్షన్ హాల్లో పనిచేసే ఆడవాళ్ళు మరికొందరు ఉన్నారు. ఈసారి చెప్పులు విప్పకుండా తిన్నగా లోపలికి వచ్చింది.

"వీళ్ళకు గూడ చెప్పుండ్రి మేడం. దేంట్ల ఏది కలపొద్దో. మేము రోజు పట్టుకునేది గీ సామానే గద."

వాళ్ళు సంచుల్లోంచి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టారు. ఆసిడ్ సీసా, బ్లీచింగ్ డబ్బా, ఫినాయిలు, పైపుల్లో అడ్డు తీసే పొడి. నేను మొదలుపెట్టబోయి ఆగాను.

"నువ్వు చెప్పు," అన్నాను ఆ అమ్మాయితో.

ఆ పిల్ల ముందు సిగ్గుపడింది. తరువాత కళ్ళద్దాలు పెట్టుకుంది, అందరికీ తలా ఒకటి ఇచ్చింది, కిటికీలు తెరిచింది. ఆసిడ్ సీసాను ఒక చివర, బ్లీచింగ్ డబ్బాను ఇంకో చివర పెట్టింది.

"గీ రెండూ ఎన్నడూ దగ్గరికి రావొద్దు. ఒక్క బకెట్ల గూడ వాడొద్దు."

ఒక పెద్దావిడ సీసా అందుకుని మూత తీయబోయింది. "వాసన చూస్తె తెలుస్తది గద బిడ్డా, ఏందో?"

"వాసన చూడొద్దు పెద్దమ్మా. చూసినంక తెలిసి ఏం లాభం? గందుకే చీటీ అంటియ్యాలె."

"మాకు సదువు రాదాయె."

ఆ అమ్మాయి ఎర్ర స్కెచ్ పెన్ను తీసి ఆసిడ్ సీసా మీద పెద్ద గుండ్రం గీసింది. నీలంతో బ్లీచింగ్ డబ్బా మీద చదరం గీసింది.

"ఎర్రది ఒక బకెట్ల, నీలంది ఇంకో బకెట్ల. బకెట్ల మీద గూడ గిట్లనే గీసుకుందాం."

పెద్దావిడ ఆ రెండింటినీ చూసి, "గిది నేను చదువుతా," అంది. అందరూ నవ్వారు. ఇంకొకామె, ఇంట్లో మనవడు పాకుతున్నాడు, సీసాలు ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగింది. మరొకామె, చేతి తొడుగులు లేకపోతే పాలిథీన్ కవర్లు కట్టుకోవచ్చా అని అడిగింది. తెలిసినవాటికి ఆ పిల్లే జవాబులు చెప్పింది, తెలియనివి నన్ను అడిగి చెప్పింది. వాళ్ళమ్మ గోడకు ఆనుకుని, నుదుటి మీద చెమట కూడా తుడుచుకోకుండా, కళ్ళద్దాల్లోంచి కూతుర్నే చూస్తూ నిలబడింది.